దిమ్మెలను చూసే కెమెరా పిల్లలకు ఏం నేర్పుతుంది?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. అమెరికా నుంచి వచ్చిన మా ఆడపడుచు ఒక ఆట సామగ్రి తెచ్చింది. ట్యాబ్ ముందు బల్ల మీద రంగు ముక్కలు పేరిస్తే, సరిగ్గా ఉన్నాయో లేదో తెర వెంటనే చెబుతోంది. అది ముక్కలను ఎలా గుర్తుపడుతుంది? పాప నిజంగా నేర్చుకుంటుందా, ఇదీ మరో స్క్రీన్ అలవాటేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఈ తరహా ఆటల్లో 2014లో వచ్చిన ఓస్మో బాగా పేరుపొందింది. ట్యాబ్ ముందు కెమెరాకు తగిలించే చిన్న అద్దం దాని చూపును బల్ల మీదికి తిప్పుతుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ సాధారణంగా బల్ల రంగు నుంచి ముక్క రంగును విడదీసి, అంచులనూ మూలలనూ లెక్కగట్టి, ఏ ముక్క ఎటు తిరిగి ఉందో తేల్చుకుంటుంది. మరికొన్ని ఆటల్లో ప్రతి దిమ్మె మీదా నలుపు తెలుపు గుండ్రటి గుర్తు ఉంటుంది. పరిశోధకుడు మైకేల్ హార్న్ రూపొందించిన టాప్‌కోడ్స్ అనే గుర్తుల సముదాయంలో అలాంటివి 99 ఉన్నాయి. దిమ్మెల్లో బ్యాటరీ, వైరు ఏవీ అక్కర్లేదు కాబట్టి అవి కిందపడినా భయం లేదు. అయితే నీడ పడినా, చేయి అడ్డం వచ్చినా కెమెరా పొరబడుతుంది. పాప సరిగ్గా పేర్చినా తెర తప్పంటే, ముందు వెలుతురు సరిచేయండి. తప్పు తనదేనని పసిపిల్ల నమ్మేయకూడదు.

ఇక మీ అసలు సందేహం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నెస్రా యానియర్ బృందం ఎర్త్‌షేక్ అనే ఆట తయారుచేసింది. కదిలే బల్ల మీద దిమ్మెలతో కట్టిన రెండు గోపురాలు ఉంటాయి. ఏది ముందు పడుతుందో పిల్లలు ఊహించి చెప్పాక బల్ల ఊగుతుంది; ఏది పడిందో కెమెరా చూసి, ఎందుకు పడిందని అడుగుతుంది: ఎత్తు ఎక్కువా, అడుగు సన్నమా, పైన బరువు ఎక్కువా? నిజమైన గోపురాలు కూలడం చూసిన పిల్లలు, అదే ఆటను తెర మీద మాత్రమే ఆడినవారికంటే చాలా ఎక్కువ నేర్చుకున్నారు. తెర మీద ఆడేవారి చేత బటన్ నొక్కించడానికి బదులు ట్యాబ్‌ను ఊపించినా అదనపు లాభం కనబడలేదు. అంటే చేతులు ఊరికే కదలడం చాలదు. తన ఊహ నిజమో కాదో పిల్ల కళ్లారా చూడాలి, కారణం వెతకాలి.

బోస్టన్ సైన్స్ మ్యూజియంలో హార్న్ బృందం చెక్క దిమ్మెలతో చేసే ప్రోగ్రామింగ్‌ను (యంత్రానికి వరుసగా ఆదేశాలు కూర్చడాన్ని) మౌస్‌తో చేసేదానితో పోల్చి 2009లో ఫలితాలు ప్రచురించింది. దిమ్మెల దగ్గరికి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎక్కువగా వచ్చారు, కలిసి పనిచేశారు. కానీ వాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో పెద్ద తేడా లేదు. దిమ్మె పిల్లలను దగ్గరికి పిలుస్తుంది, పాఠం మాత్రం అడిగే ప్రశ్నలోనే ఉంటుందని నా అభిప్రాయం.

అందుకే పాప ఆడేటప్పుడు పక్కన కూర్చోండి. తెర జవాబు చెప్పకముందే “ఏమవుతుందనుకుంటున్నావు?” అని, చెప్పాక “ఎందుకలా అయింది?” అని అడగండి. ట్యాబ్ తీసేసిన రోజున అగ్గిపెట్టెలతో రెండు గోపురాలు కట్టించి, పళ్లెం మీద పెట్టి మెల్లగా ఊపండి. ఆ రెండు ప్రశ్నలే మళ్లీ అడగండి.