కత్తి ఏ లోహమన్నది చట్టం అడగదు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సెలవులు దొరికితే మిత్రులతో కలిసి నల్లమల వైపు ట్రెక్కింగుకు వెళ్తుంటాను. అమెరికాలో ఉండే మా బావమరిది వచ్చే నెల ఊరికి వస్తూ నా కోసం టైటానియం సర్వైవల్ కత్తి తెస్తానంటున్నాడు. బ్లేడు ఆరంగుళాలు, వెడల్పు అంగుళంన్నర. తుప్పు పట్టదు కనుక కారులోనే పడేసి ఉంచవచ్చని, అయస్కాంతానికి అతుక్కోదు కనుక మెటల్ డిటెక్టరుకు కూడా చిక్కదని చెబుతున్నాడు. దీనికి లైసెన్సు కావాలా? రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చేటప్పుడు ఆత్మరక్షణకూ ఉంటుందని నా ఆలోచన.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది కత్తి కాదు, చివరి వాక్యం. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు లైసెన్సు గురించి.

తుపాకీకి దేశంలో ఎక్కడైనా లైసెన్సు ఉండి తీరాలి. 1959 నాటి ఆయుధాల చట్టంలోని సెక్షన్ 3 ఆ మాట చెబుతుంది. కత్తుల దగ్గరికి వచ్చేసరికి చట్టం దారి మార్చుకుంటుంది. ఒక ప్రాంతంలో పరిస్థితుల దృష్ట్యా అవసరమని ప్రభుత్వం భావిస్తే, ఫలానా రకం కత్తులు లైసెన్సు లేకుండా ఉంచుకోరాదని సెక్షన్ 4 కింద గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. అలాంటి నోటిఫికేషన్ ఉన్నచోటే ఆ నియంత్రణ వర్తిస్తుంది. ఇక ఏ కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయన్నది 2016 నాటి ఆయుధాల నియమావళి మొదటి షెడ్యూలు, అయిదో కేటగిరీలో ఉంది. బ్లేడు 9 అంగుళాల కంటే పొడవుగా గానీ 2 అంగుళాల కంటే వెడల్పుగా గానీ ఉన్న కత్తులు అందులోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. మీరు చెప్పిన కొలతలు ఈ హద్దుకు లోపలే ఉన్నాయి కనుక, ఇంట్లో బీరువాలో ఉంచుకున్నంతవరకు మామూలుగా ఇబ్బంది రాదు.

అలాగని ఈ కొలతలు దేశమంతటా ఒక్కటే అనుకోవద్దు. దిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది. అందులో బటన్, స్ప్రింగ్ చాకుల వంటివాటికి పెట్టిన కొలతలు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు. మీ కత్తి అంతకు రెట్టింపు ఉంటుంది. ఆ నోటిఫికేషన్ కింద బటన్ చాకు దొరికిందని పెట్టిన కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లి కొట్టివేతతో ముగిసింది. నిందితుడు నెగ్గాడు, నిజమే. జేబులో చాకు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి రావడం నెగ్గడమెలా అవుతుందో నాకైతే అర్థం కాదు. ఎన్నికలప్పుడు, పెద్ద ఊరేగింపులప్పుడు మన నగరంలోనూ పోలీసు కమిషనర్లు ఆయుధాలు పట్టుకు తిరగరాదని తాత్కాలిక ఉత్తర్వులిస్తుంటారు. ఆ రోజుల్లో మీ కత్తి కారులో ఉండకూడదు.

ఇప్పుడు ఆత్మరక్షణ. ఆయుధమంటే ఏమిటో చెప్పే నిర్వచనాన్ని చాలామంది సగమే చదువుతారు. దాడికి గానీ, ఆత్మరక్షణకు గానీ ఆయుధంగా రూపొందించినదీ, అలా మార్చుకున్నదీ ఆయుధమే అంటుంది చట్టం. ‘ఆత్మరక్షణ’ అన్న ఆ రెండో పదాన్ని మరోసారి చదవండి. తాళ్లు కోయడానికి, పుల్లలు చెక్కడానికి తెచ్చుకున్న పనిముట్టు అని మీరు చెప్పుకోగలిగిన వస్తువును, ‘ఆత్మరక్షణకు పెట్టుకున్నాను సార్’ అన్న ఒక్క మాటతో మీరే ఆయుధంగా మార్చేస్తారు. అమాయకంగా, నిజాయతీగా చెప్పిన ఆ మాటే పంచనామాలోకి ఎక్కుతుంది.

ప్రాణం కాపాడుకునే హక్కు మీకు లేదని కాదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే ఉన్నాయి. మీద పడినవాడిని ఆపడానికి ఎంత అవసరమో అంత బలం వాడవచ్చు, చేతికందిన వస్తువుతో ఎదుర్కోవచ్చు. కానీ ముందే కత్తి సిద్ధం చేసుకుని తిరుగుతున్న మనిషి ‘అవసరమైనంతే వాడాను’ అంటే కోర్టు నమ్మడం కష్టం. పార్కింగు దగ్గర తగాదాలో ఆ కత్తి ఎవరి చేతినైనా గీసిందంటే సెక్షన్ 118(1) వస్తుంది: మూడేళ్ల వరకు జైలు, లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గాయం తీవ్రమైనదైతే అదే సెక్షన్ రెండో ఉపవిభాగం కింద కనీసం ఏడాది నుంచి పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా కూడా పోవచ్చు. ఒట్టి చేతులతో తోపులాడుకుంటే ఇంత దూరం రాదు. రాత్రి డ్యూటీ భయానికి ఈ కత్తి మందు కాదని నా అభిప్రాయం.

మీరు అడగనే అడగని విషయం ఒకటుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. నల్లమలలో మీరు వెళ్లే చోట్లు చాలావరకు ఇటు అమ్రాబాద్, అటు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాల్లోనివి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 31 ప్రకారం, ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలో అడుగుపెట్టకూడదు. ఈ చట్టంలో ఆయుధానికి నిర్వచనం వేరు. తుపాకులు, విల్లంబులు, వలలు, ఉచ్చులు, విషం, వాటితో పాటు కత్తులు అని పేరుపెట్టి మరీ రాశారు. తొమ్మిదంగుళాలు, రెండంగుళాలు అన్న లెక్క ఇక్కడ లేదు. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నేషనల్ పార్కులకూ ఇదే నియమం కనుక పాపికొండలకు, శేషాచలంలోని శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానానికి వెళ్లేటప్పుడూ గుర్తుంచుకోండి.

శ్రీశైలం వెళ్లే బస్సుల్లో, కార్లలో కొబ్బరికాయల కత్తీ కూరగాయల చాకూ ఉండవా అని మీరు అడగవచ్చు. ఉంటాయి. ప్రజా రహదారి మీద ప్రయాణించేవాళ్లకు అభయారణ్యంలోకి ప్రవేశించడానికి సెక్షన్ 27 మినహాయింపు ఇచ్చింది. ఆయుధాల గురించి చెప్పే సెక్షన్ 31లో మాత్రం ఆ మినహాయింపు మాట లేదు. వంట సామానుతో ఉన్న చాకును చెక్‌పోస్టులో ఎవరూ సాధారణంగా తప్పుపట్టరు. నడుముకు ఒరలో వేలాడే సర్వైవల్ కత్తితో, చేతిలో టార్చితో సాయంత్రం వేళ కాలిబాట పట్టినవాడిని అటవీ సిబ్బంది వేటగాడని అనుమానిస్తే వాళ్లను తప్పుపట్టలేం. ఇలాంటి కత్తుల ఒరలో నిప్పు రాజేసే కడ్డీ కూడా వస్తుంటుంది. అడవిలో దాన్ని గీకి చూడాలన్న సరదా అసలే వద్దు. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడం అదే చట్టం సెక్షన్ 30 కింద వేరే నేరం. కత్తి తప్పనిసరి అనుకుంటే బయలుదేరడానికి ముందే అటవీ శాఖకు కొలతలు, ప్రయోజనం, తేదీలు రాసి దరఖాస్తు పెట్టుకోండి. నోటిమాట అనుమతి పనికిరాదు.

బావమరిది తెచ్చే దారి గురించి. విమానంలో చేతిసంచిలో కత్తి పెట్టనివ్వరు, చెక్-ఇన్ సామానులో ఒరతో సహా చుట్టి పెట్టాలి. ఇక్కడ దిగాక అది దిగుమతి అవుతుంది. ఆయుధాలు దేశంలోకి తేవడానికి లైసెన్సు కావాలని ఆయుధాల చట్టం సెక్షన్ 10 చెబుతుంది. ఈ కత్తి ఆయుధమా, శిబిరాల్లో వాడే పనిముట్టా అన్న ప్రశ్న మొదట తేల్చేది విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారి. కనుక తెచ్చిన సామాను గురించి కస్టమ్స్‌కు చెప్పుకోవాల్సినవాళ్లు వెళ్లే రెడ్ చానల్‌లోకి వెళ్లి, బిల్లుతో పాటు తయారీదారు వివరణ ఉన్న కాగితం చూపించమనండి. నిషిద్ధ దిగుమతి అని తేలితే కస్టమ్స్ చట్టం సెక్షన్ 111 కింద జప్తు చేస్తారు, పెనాల్టీ కూడా పడవచ్చు.

మెటల్ డిటెక్టరు మాట పూర్తిగా తప్పు. డిటెక్టరు వెతికేది అయస్కాంత గుణాన్ని కాదు, విద్యుత్తును ప్రసారం చేసే లోహాన్ని. టైటానియం బలహీనంగానైనా ఆ సంకేతం ఇస్తుంది, ఎక్స్‌రేలో ఆకారమంతా కనబడుతుంది. అంతకంటే ముఖ్యం, దొరకదన్న నమ్మకంతో తెచ్చారని ఫోనులో మెసేజి బయటపడితే ‘తెలియక తెచ్చాం’ అన్న వాదన అక్కడికక్కడే పోతుంది. ఆ మాట మళ్లీ ఎక్కడా రాయవద్దు.

నిర్వహణకూ చట్టానికీ సంబంధం లేదనుకోకండి. టైటానియం సముద్రపు నీటిలో కూడా తుప్పుపట్టదు, ఈతగాళ్లు నీటి అడుగున వాడేది అందుకే. కానీ సాధారణంగా వాడే మిశ్రమం, 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనాడియం కలిసినది, మంచి ఉక్కులా పదును నిలుపుకోదు. తరచు సాన పట్టాల్సి వస్తుంది. వీధిలో సాన చక్రం తిప్పేవాళ్లకు ఇవ్వకండి, తెల్లటి నిప్పురవ్వలు లేస్తాయి, టైటానియం పొడి అంటుకుంటే నీళ్లతో ఆరదు. ఇంట్లోనే డైమండ్ రాయి మీద నెమ్మదిగా రుద్దుకోండి. రుద్దేటప్పుడు బ్లేడు వీపు వైపు పదును పెట్టాలన్న సరదా మాత్రం వద్దు. రెండు వైపులా వాదర ఉన్నదాన్ని బాకు అంటారు. షెడ్యూలులో బాకుల పేరు విడిగా ఉంది. పైగా చట్టం ‘అలా మార్చుకున్నది’ అన్నది సరిగ్గా ఇలాంటి పనినే.

కారు సీటు కింద ఉంచవద్దు. గుడారం, తాళ్లు ఉన్న సంచిలోనే ఉండాలి, ఆ సంచి డిక్కీలో ఉండాలి, ట్రెక్కింగు లేని రోజు ఇంట్లో ఉండాలి. ఎప్పుడైనా పోలీసులు ఆపి స్వాధీనం చేసుకుంటే వాదించకండి. ఎందుకు కొన్నారో ఒక్క వాక్యంలో చెప్పి, పంచనామా నకలు అడిగి తీసుకోండి.

ఇక మీ ప్రాంతానికి సెక్షన్ 4 నోటిఫికేషన్ వర్తిస్తుందా అన్నది నా మాట మీద వదలకండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో రాష్ట్ర హోం శాఖకు ఒక దరఖాస్తు రాయండి. నోటిఫికేషన్ అమలులో ఉందా, ఉంటే ఏ కొలతల కత్తులకు అని రెండే ప్రశ్నలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అది చేతికొచ్చే దాకా బావమరిదిని ఆ పెట్టె అక్కడే ఉంచమనండి, వచ్చాక ఆ కాగితాన్ని కత్తి బిల్లుతో కలిపి దాచుకోండి.