సమాధానం: రిజర్వేషన్ ఉన్నా డిసెంబర్ 31 తర్వాత కేటాయింపు చెల్లదంటున్నారు

అమెరికాలో అద్దె గృహాల ప్రాజెక్టుకు రాష్ట్రం రిజర్వ్ చేసిన ప్రైవేట్ యాక్టివిటీ బాండ్ల (ప్రైవేట్ ప్రాజెక్టుల కోసం ప్రభుత్వ సంస్థలు జారీ చేసే పన్ను మినహాయింపు బాండ్లు) కేటాయింపును, జారీ జనవరి 20కి వాయిదా పడినందున, వాడుకోలేమని మీ న్యాయవాది చెప్పడానికి కారణం బహుశా ఒక్కటే: క్యారీ ఫార్వర్డ్ ఎంపిక, అంటే వాడని కేటాయింపును తర్వాతి ఏళ్లకు మోసుకెళ్తామన్న ఎంపిక, దాఖలు కాలేదు. అమెరికా పన్ను చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇలాంటి బాండ్ల జారీకి ఒక్కో రాష్ట్రానికి ఉన్న పరిమితి ఏ ఏడాదికి ఆ ఏడాదే. రిజర్వేషన్ లేఖ దాన్ని మరుసటి ఏడాదికి మోసుకుపోదు.

1. మిగిలిన మొత్తాన్ని క్యారీ ఫార్వర్డ్‌గా మీకే ఉంచినట్లు రాష్ట్ర సంస్థ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి.

2. ఆ ఎంపికను తెలిపే ఫారం 8328ను ఐఆర్ఎస్‌కు (అమెరికా కేంద్ర పన్నుల శాఖ) పంపండి. చాలామంది తప్పేది ఇక్కడే. గడువు ఫిబ్రవరి 15 అని అందరికీ గుర్తుంటుంది గానీ, ఆ తేదీ, బాండ్ల జారీ తేదీ, ఈ రెంటిలో ఏది ముందైతే అదే గడువు. కాబట్టి మీకు అది జనవరి 20. రాష్ట్రానికి ఇచ్చిన కాగితాలు దీనికి బదులు కావు.

3. ఫారంలో ప్రయోజనాన్ని జాగ్రత్తగా గుర్తించండి, ఎందుకంటే ఒకసారి చేసిన ఎంపికను వెనక్కి తీసుకోలేరు, అది మూడేళ్లపాటు ఆ ప్రయోజనానికే చెల్లుతుంది. అద్దె గృహాలకు ఈ వెసులుబాటు ఉంది; చిన్న తయారీ పరిశ్రమల బాండ్లకు లేదు.

4. జారీ అయ్యాక, బాండ్ల వివరాలు తెలిపే ఫారం 8038ను ఐఆర్ఎస్‌కు దాఖలు చేయాలి. జనవరి జారీకి గడువు మే 15. రాష్ట్ర అధికారి ధ్రువీకరణ దానికి జతచేయండి.