నాన్నది వైండింగ్ షాపు, నాకేమో కోడింగ్ రావట్లేదు

ప్రశ్న: మాది హిందూపురం. పదో తరగతి వరకు తెలుగు మీడియం, తర్వాత ఇంటర్ ఎంపీసీ. ఇప్పుడు బెంగళూరులో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) మొదటి సంవత్సరం. పరిచయాల క్లాసులో అందరూ పైథాన్, యాప్‌లు అంటుంటే, నేను ఫిజిక్స్ ఇష్టమని చెప్పి కూర్చున్నాను. నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉందని, సెలవుల్లో కాలిపోయిన మోటార్లు విప్పి చుట్లు లెక్కపెట్టేది నేనేనని చెప్పలేదు. సీ ప్రోగ్రామింగ్ అర్థం కావట్లేదు. అరవై వేలు కట్టి కోడింగ్ కోర్సులో చేరమని సీనియర్లు అంటున్నారు. చేరాలా?

జవాబు: ఇప్పుడే చేరొద్దమ్మా. ఆ డబ్బు నాన్న దగ్గరే ఉండనివ్వు.

నువ్వు క్లాసులో దాచిన మాటే నాకు ముఖ్యంగా కనిపించింది. చుట్లు తగ్గితే మోటార్ కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుందని పుస్తకం తెరవకముందే నీకు తెలుసు. మీ క్లాసులో చాలామంది మోటార్ లోపల ఎలా ఉంటుందో చూసి కూడా ఉండరు.

సీకీ దీనికీ సంబంధం ఏంటంటావేమో. షాపుకొచ్చే త్రీఫేజ్ బోరు మోటార్‌కు మూడు ఫేజులూ లైన్లోనే వస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఉండేది బ్యాటరీ, అంటే డీసీ. అందులో ఆ మూడు ఫేజులను కంట్రోలర్ పుట్టించాలి. మాస్‌ఫెట్లనే స్విచ్‌లు సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటాయి. ఏది ఎప్పుడు ఆన్ కావాలో చెప్పేది చిన్న చిప్‌లోని ప్రోగ్రాం. దాన్ని ఎక్కువగా రాసేది సీలోనే. ఏథర్ లాంటి స్కూటర్ కంపెనీ ఉన్న ఊళ్లోనే చదువుతున్నావు. కాబట్టి సీని పక్కన పెట్టకు, నీకు తెలిసిన దారిలోంచి దాని దగ్గరికి వెళ్లు.

ఒక శనివారం ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపులుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. ఆర్డుయినో బోర్డు (మనం రాసిన ప్రోగ్రాంను ఎక్కించి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), చిన్న డీసీ మోటార్, దాన్ని నడిపే డ్రైవర్ బోర్డు కొనుక్కో. మోటార్‌ను నేరుగా ఆర్డుయినో పిన్నుకు కలపకు, బోర్డు కాలిపోవచ్చు. 0 (ఆగి ఉండటం) నుంచి 255 (పూర్తి వేగం) దాకా వేగం పెంచే ఫర్ లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్, రాయి. మొదట్లో మోటార్ సన్నగా కూత పెడుతుంది కానీ తిరగదు. విలువ కాస్త పెరిగాక ఒక్కసారిగా కదులుతుంది. ఎందుకలా అవుతుందో నాన్నను అడుగు, ఆయన చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకో. క్లాసులో నల్లబోర్డు మీద ఎలా రాసినా అర్థం కాని లూప్ అప్పుడు చెవికి వినిపిస్తుంది.

మ్యాథ్స్ మాత్రం వదలొద్దు. కాంప్లెక్స్ నంబర్లు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు లేకుండా ఈ దారిలో రెండో ఏడాదే కష్టమవుతుంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఇంగ్లిష్ వేగంగా అనిపిస్తే వీడియో స్పీడ్ తగ్గించి విను, అందులో చిన్నతనం ఏమీ లేదు.

బెంగళూరులోనే ఉన్న ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో ఏటా ఓపెన్ డే ఉంటుంది, ఎవరైనా వెళ్లొచ్చు. ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ విభాగంలో గంటసేపు నిలబడి చూడు. అక్కడ ఎంటెక్‌కు గేట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అది మూడో ఏడాది నుంచి రాయొచ్చు. ఇప్పట్నుంచే దాని టెన్షన్ వద్దు.

ఈ ఏడాదంతా ఇలా చేశాక కూడా సీ పట్టుబడకపోతే మళ్లీ రాయి. కోర్సు సంగతి అప్పుడు చూద్దాం.