మనసులో సాగే ఆ గొడవ ఎవరితో?

ప్రశ్న: మా అత్తగారు చనిపోయి ఏడాది దాటింది. ఆఖరి రోజుల్లో ఆమెను మా పెద్ద తోడికోడలే చూసుకుంది. మేం వేరే ఊళ్లో ఉంటాం, అప్పటికి మా పాప ఇంకా చంటిది. ఆమె జ్ఞాపకార్థం జరిగిన ఆదరణ కూడిక రోజు చుట్టాలందరి ముందు అక్క, "చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్లకి ఏడవడం తేలికే" అంది. అప్పుడు నోరెత్తలేకపోయాను. ఇప్పుడు మాత్రం మనసులో రోజూ ఆమెతో గొడవ పడుతూనే ఉన్నాను. పనిలో ఉన్నా అదే, పడుకున్నా అదే. పాప నాలుగుసార్లు పిలిస్తే గానీ నాకు వినిపించడం లేదు. "నీ ఆలోచనల్ని దేవునికి అప్పగించెయ్" అని సంఘంలో ఒక పెద్దావిడ చెప్పారు. ఉపవాస కూడికలో ఏడ్చి మరీ అప్పగించాను. ఆ రాత్రికే మళ్లీ మొదలైంది. అంటే నా సమర్పణ నిజం కాదా? ఇలాంటి మనసుతో ప్రభు బల్లలో (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) పాలు పొందవచ్చా? భయమేసి రెండు నెలలుగా మానేశాను. మావారిని అడిగితే "ప్రార్థన చేసుకో, మర్చిపో" అంటారు.
– ఒక సోదరి

జవాబు: సోదరీ, అందరి ముందు అలా అనడం తప్పే. దుఃఖంలో ఉన్న ఇళ్లలో ఇంతకంటే పెద్ద మాటలు కూడా దొర్లుతుంటాయి. కానీ మాట పడ్డవాళ్లకి ఆ లెక్కలేం పట్టవు. అందుకే "ఇంత చిన్న విషయానికా" అని నేను అనను.

మీ మనసులో జరుగుతున్నవి రెండు. పనిలో ఉండగా ఆ మాట చటుక్కున గుర్తొస్తుంది. దాన్ని మీరు పిలవలేదు. గుర్తొచ్చినంత మాత్రాన పాపం చేశానని కుంగిపోకండి. ఆ తర్వాతిది చూడండి. "ఆ రోజే నేను అనాల్సింది" అంటూ మీరు మొదలుపెడతారు. ఆమె ఒకటంటుంది, మీరు నాలుగంటారు. చుట్టాలంతా మీ వైపు తిరుగుతారు, ఆమె తలదించుకుంటుంది. ఇలాంటి వాదనల్లో మనం ఓడిపోవడమన్నది ఉండదు, ఎప్పుడైనా గమనించారా? అవతలివాళ్ల మాటలు కూడా మనమే పలికిస్తాం మరి. పోనీ గెలిచాక మనసు కుదుటపడుతుందా అంటే అదీ లేదు, కాసేపటికి మళ్లీ మొదటి నుంచి. మీరు దేవునికి అప్పగించాల్సింది ఈ రెండోదాన్ని. మొదటిది మీ చేతిలో లేదు, లేనిదాన్ని అప్పగించలేదని బాధపడటం దేనికి?

అప్పగించడమంటే "ఆలోచించను, ఆలోచించను" అని బిగబట్టుకోవడం అనుకుంటాం. అది పని చేయదు. 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు కొంతమందిని కూర్చోబెట్టి ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నారు, గుర్తొస్తే గంట కొట్టమన్నారు. గంట మోగుతూనే ఉంది. తర్వాత దాని గురించి ఆలోచించమంటే, మొదటి నుంచీ ఆలోచించమన్నవాళ్లకంటే వీళ్లకే అది ఎక్కువగా గుర్తొచ్చింది. తోసేస్తే పోదు. ఉపవాస కూడిక అయిన రాత్రి మీకు జరిగింది ఇదే అనుకుంటాను. ఇక రాదు అని నిర్ణయించుకుని, వస్తుందేమోనని కాపలా కాశారు. వచ్చింది.

బైబిల్లో 55వ కీర్తన తీసి నెమ్మదిగా చదవండి. అది దావీదు కీర్తన. అతనికి దెబ్బ తగిలింది శత్రువు వల్ల కాదు, కలిసి దేవుని మందిరానికి వెళ్లిన స్నేహితుడి వల్ల. మధ్యలో అతను ఎదురుగా ఉన్నట్టే "ఈ పని చేసినవాడవు నీవే" అని నేరుగా అడుగుతాడు. అచ్చం మీరు మనసులో చేస్తున్నట్టే. తనకి ద్రోహం చేసినవాళ్లు సజీవంగా పాతాళానికి దిగిపోవాలని కూడా కోరుకుంటాడు. ఆ మాట బైబిల్లో ఉందని చాలామంది విశ్వాసులకే తెలియదు, మనం కూడికల్లో ఆ వచనం చదవం కదా. కానీ దావీదు అక్కడ ఆగిపోలేదు. 16వ వచనంలో ముఖం తిప్పుతాడు. నేనైతే దేవునికి మొరపెట్టుకుంటాను అంటాడు. కోపం తగ్గలేదు, విషయం మారలేదు, ఎవరితో మాట్లాడుతున్నాడో అది మారింది. మీరు చేయాల్సిందీ అంతే.

తోడికోడలితో వాదన మొదలైందని తెలిసిన క్షణంలో, అదే మంటతో, దేవుని వైపు తిరిగి చెప్పండి. "ప్రభువా, అక్క అలా అంది. అందరిలో తలెత్తుకోలేకపోయాను. గట్టిగా అడిగేయాలని ఉంది." భాష పరిశుద్ధంగా ఉండాలని చూసుకోకండి. మోకరించే వీలుంటే సరే, లేకపోతే చేతిలో పని చేసుకుంటూనే చెప్పండి. ఇందులో ఒక ఇబ్బంది కూడా ఉంది, ముందే చెబుతున్నాను. మనసులో తోడికోడలి మాటలు మీరే పలికించగలరు, దేవుని మాటలు పలికించలేరు. ఆయనకి అంతా తెలుసు కాబట్టి ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పనూ లేరు. అలా చెబుతూ చెబుతూ ఉంటే ఒకరోజు "నేను ఇంకొన్నిసార్లు వెళ్లి ఉండాల్సిందేమో" అన్న మాట మీ నోటే రావచ్చు. అక్క మాట ఏడాదైనా మానకపోవడానికి ఆ భయమే కారణమని నా అనుమానం. అది తప్పా, పసిబిడ్డతో నిజంగానే కుదరలేదా అన్నది నేను తేల్చలేను. ఆయన దగ్గర తేల్చుకోండి. తప్పయితే క్షమాపణ అడగండి. కాకపోతే ఆ భారం దించేయండి.

అప్పగించిన రాత్రికే మళ్లీ మొదలైంది, అంటే నా సమర్పణ నిజం కాదా అన్నారు. అదే కీర్తనలో దావీదు సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం మొరపెట్టుకుంటానన్నాడు. "నీ భారము యెహోవామీద మోపుము" అన్న మాట కూడా అక్కడిదే. రోజుకి మూడుసార్లు వెళ్లినవాణ్ని ఎవరూ మొదటిసారి అబద్ధంగా వెళ్లాడని అనలేదు. మీ సమర్పణ నిజమే. అది ఇంకా జరుగుతోంది.

ఆలోచనల గురించి మనం ఎక్కువగా వినే వచనాలు, పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక 4వ అధ్యాయంలో ఉన్నాయి. చింతపడకండి, ఏవి సత్యమైనవో ఏవి మాన్యమైనవో వాటిమీద ధ్యానముంచుకోండి అని. పౌలు వాటిని బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి రాశాడు. ఆ అధ్యాయం దేనితో మొదలవుతుందో చూడండి. ఆ సంఘంలో పడని ఇద్దరు స్త్రీలు, యువొదియ, సుంటుకే. ఏకమనసుతో ఉండమని ఇద్దర్నీ పేరుపెట్టి బతిమాలుతాడు, వాళ్లకి సాయం చేయమని మూడో మనిషికి చెబుతాడు. ఆ తర్వాతే చింత గురించి, ధ్యానం గురించి. ఆ జాబితాలో మొదటిది 'సత్యమైనవి'. అక్క అన్న మాట నొప్పించింది, అది సత్యం. రాత్రుళ్లు లేచి అత్తగారికి పక్క మార్చింది, మందులిచ్చింది ఆమే, అదీ సత్యం. మీ మనసులోని వాదనలో ఈ రెండో సత్యానికి ఒక్కసారైనా చోటు దొరికిందా?

ప్రభు బల్ల విషయంలో నాకు సందేహం లేదు, వెళ్లండి. 1 కొరింథీ 11:28లో తనను తాను పరీక్షించుకోవాలి అని ఉంది, ఆ వెంటనే ఆ రొట్టె తిని ఆ పాత్రలోనిది తాగాలి అని ఉంది. పరీక్షించుకుని ఇంట్లో ఉండిపొమ్మని లేదు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి సహోదరుడితో సమాధానపడమన్న యేసు కూడా, తర్వాత వచ్చి అర్పించమనే అన్నాడు. ఆ బల్ల నెమ్మది ఉన్నవాళ్లకిచ్చే బహుమానం కాదు. పగ పెంచుకుంటాను, వదలను అని మొండికేసినవాళ్లు ఆగి ఆలోచించుకోవాలి. మీరు వదిలించుకోలేక ఏడుస్తున్నారు.

ఆలోచనల్ని అప్పగించినంత మాత్రాన అక్కతో మాట్లాడే పని తప్పదు. మత్తయి 18:15 ప్రకారం ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడాలి. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం వద్దు. ముందు అత్తయ్యను చూసుకున్నందుకు కృతజ్ఞత చెప్పండి, దాని వెనక "కానీ" అని తగిలించకండి. ఆ మాట అక్కడ ఆపేసి, కాసేపాగి, ఆ రోజు మాట మిమ్మల్ని చాలా బాధపెట్టిందని చెప్పండి. ఆమె క్షమాపణ అడుగుతుందన్న ఆశతో వెళ్లకండి. అడగకపోతే ఇంటికొచ్చి కొత్త వాదన మొదలవుతుంది.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఏ పనీ చేయలేకపోతున్నా, అసలు బతకాలనిపించకపోయినా డాక్టర్ని కలవండి. ఇష్టం లేని అసహ్యమైన ఆలోచనలు, దేవుణ్ని దూషించే ఆలోచనలు అదేపనిగా వచ్చి భయపెడుతున్నవాళ్లకీ ఇదే చెబుతాను. అది ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు పదేపదే వచ్చే మానసిక సమస్య) కావచ్చు, దానికి వైద్యం ఉంది. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

ఇక మీవారు. బైబిల్లో పిల్లలు లేక హన్నా ఏడుస్తుంటే ఆమె భర్త ఎల్కానా "పదిమంది కుమాళ్లకంటె నేను నీకు విశేషమైనవాడను కానా?" అన్నాడు. మంచివాడే, ప్రేమ ఉన్నవాడే. ఓదార్చడం మాత్రం రాలేదు. మీ ఆయన్ని ఒక అరగంట సలహా ఇవ్వకుండా వినమని అడగండి. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. అక్క మాట తగిలింది మీ ఒక్కరికే కాకపోవచ్చు. పోయింది ఆయన తల్లి, దూరంగా ఉండిపోయింది ఆయన కూడా. "మర్చిపో" అని చెబుతున్నది మీకేనా, తనకి కూడానా అని ఒకసారి అడిగి చూడండి.