పాత బ్లేడ్ల ప్యాకెట్ దొరికింది, గడ్డం గీసుకోవచ్చా?

తాతగారి ఇనప్పెట్టెలో సీల్ తీయని బ్లేడ్ల ప్యాకెట్లు దొరికాయని, వాటితో గీసుకుంటే ధనుర్వాతం వస్తదేమోనని భయంగా ఉందని ఒకరు అడిగారు. గీసుకోవచ్చు. బ్లేడును పాడుచేసేది వయసు కాదు, తేమ. పొడిగా ఉంటే యాభై ఏళ్ల కిందటి బ్లేడుకైనా పదును అట్లనే ఉంటది. నిరుడు కొన్నదే అయినా బాత్రూమ్ కిటికీలో ఒక వానకాలం పడి ఉంటే పోతది.

ధనుర్వాతం తుప్పుతో రాదు. మట్టిలో, పేడలో ఉండే క్రిమి గాయంలోకి పోతే వస్తది. టీటీ టీకా వేయించుకొని చాలా ఏళ్లయితే అది ఎట్లాగూ వేయించుకోవాల్సిందే, బ్లేడుతో సంబంధం లేదు. నిజంగా భయపడాల్సింది వాడిన బ్లేడుకు. కాగితం విప్పి మళ్లీ చుట్టినట్టు ముడతలు కనిపిస్తే, లోపల సబ్బు మరకలుంటే, స్పిరిట్‌తో కడిగి చూద్దాం అనొద్దు. నేరుగా పారేయండి.

ముందు తేల్చుకోవాల్సింది తొందరగా తుప్పు పట్టే కార్బన్ స్టీలా, అంత తొందరగా పట్టని స్టెయిన్‌లెస్సా అని. విల్కిన్సన్ కంపెనీ 1960ల మొదట్లో స్టెయిన్‌లెస్ బ్లేడ్లను జనంలోకి తెచ్చింది. అంతకు ముందు మార్కెట్లో ఉన్నవి దాదాపు అన్నీ కార్బన్ బ్లేడ్లే. 1932లో వచ్చిన జిలెట్ బ్లూ బ్లేడ్ కూడా కార్బనే, నీలం రంగు పైపూత మాత్రమే. స్టెయిన్‌లెస్ వచ్చాక కూడా కార్బన్ బ్లేడ్లు చాలా ఏళ్లు అమ్మారు కాబట్టి ప్యాకెట్ మీద స్టెయిన్‌లెస్ అని లేకపోతే కార్బన్ అనుకొనే మొదలుపెట్టండి. అయస్కాంతం పెట్టి చూడమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, అది పనికిరాదు. బ్లేడ్లకు వాడే స్టెయిన్‌లెస్ కూడా అయస్కాంతానికి అంటుకుంటది. ఒక్క బ్లేడు పోయినా ఫర్వాలేదనుకుంటే నడుమ ఒక ఉప్పునీటి చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఎర్రగా తుప్పు పడితే కార్బన్.

ఇగ ప్యాకెట్ విప్పడం. పైన అట్టపెట్టె మాసిపోయినా బాధ లేదు, లోపలి మైనం కాగితం చూడండి. అది పొడిగా, నూనె జిడ్డుతో జారుతూ ఊడివస్తే మంచి గుర్తు. బ్లేడుకు అతుక్కుపోయి చిరిగిపోతే లోపలికి చెమ్మ పోయినట్టే. నడుమ ఉన్న మచ్చలు నష్టం చేయవు, అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల లోపల ఉన్నవే చూసుకోవాలి. అంచును పైకి తిప్పి బల్బు కింద పట్టుకొని భూతద్దంలో చూడండి. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు, సన్నటి నల్లగీతలా ఉంటది. అందులో ఎక్కడైనా తళుక్కుమని చుక్క మెరిసిందంటే అక్కడ తుప్పు తిన్నదో, మొక్కపోయిందో అన్నమాట. ఆ చుక్కే చెంప మీద గీత పెడతది.

కొన్ని బ్లేడ్లకు కాగితంలో కదలకుండా నాలుగు మైనం బొట్లు పెట్టేవారు. అవి పాతబడి గట్టిపడితే రేజర్‌లో బ్లేడు సమంగా కూర్చోదు, ఒకవైపు ఎక్కువ బయటికొస్తది. మైనం మెత్తబడేదాకా వేడి నీళ్లలో కాసేపు వేసి, బ్లేడును పొట్టి కొసల దగ్గర పట్టుకొని, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో కడగండి. గుడ్డతో అంచు తుడవొద్దు, కాగితం మీద నిలబెట్టి ఆరనివ్వండి. చాలా పాతవాటికి పొడవాటి గాడి ఉండదు, మూడు రంధ్రాలే ఉంటాయి. నడుమ పట్టీ ఉన్న రేజర్‌లో అవి పట్టవు, బలవంతంగా బిగిస్తే బ్లేడు పగులుతది.

మొదటిసారి గీసేటప్పుడు చెంప మీదనే మొదలుపెట్టండి, మెడ మీద వద్దు. గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు తడిపి, బ్రష్‌తో నురగ చిక్కగా రానివ్వండి. ఇక్కడ బోరు నీళ్ల గురించి చెప్పాలి. వరంగల్, హన్మకొండలో చాలా ఇళ్ల బోరు నీళ్లలో సబ్బు నురగే పట్టదు. పట్టినా నిమిషంలో ఆరిపోతది. ఆ ఆరిన నురగ మీద గీసి బ్లేడు మొద్దుబారిందంటరు. నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో ఒక మగ్గు పక్కన పెట్టుకుంటే సగం ఫిర్యాదులు పోతాయి. రేజర్‌ను చర్మానికి ముప్పై డిగ్రీల వంపులో పట్టి, దాని బరువుతోనే వెంట్రుక పెరిగిన దిక్కుకు, అంగుళం మేర గీయండి. చప్పుడు వినండి. సన్నగా, ఒకే తీరుగా వస్తే బాగుంది. వెంట్రుకను పట్టి లాగినట్టు అనిపిస్తే రెండో గీతకే ఆపి బ్లేడు మార్చేయండి, నొక్కి గీస్తే తెగేది చర్మమే. చాలా కార్బన్ బ్లేడ్లకు జారుడు పూత ఉండదు కాబట్టి కొంచెం గరుకు సహజం, లాగడం సహజం కాదు. మొదటి రోజు ఒక్క వరుస చాలు, ఎదురు దిక్కుకు గీయొద్దు.

కార్బన్ బ్లేడు అయితే గీసుకున్న వెంటనే రేజర్ నుంచి తీసి, కడిగి, స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టండి. తడితో వదిలేస్తే రేపటికి తుప్పే. ఇట్ల చూసుకుంటే రెండు మూడు సార్లు వస్తది. మన దగ్గర పెద్దవాళ్లు గాజు గ్లాసు లోపల బ్లేడును రుద్ది మళ్లీ వాడేవారు. పూత లేని కార్బన్ బ్లేడుకు అది కొంత పనిచేస్తది, కానీ స్టెయిన్‌లెస్ బ్లేడును అట్ల రుద్దితే పూత లేచిపోయి ఇంకా గరుకవుతది. వద్దు.

ఆన్‌లైన్‌లో పాత బ్లేడ్లను పురావస్తువులన్నట్టు వందల రూపాయలకు అమ్ముతున్నారు, లోపలి కాగితం ఫొటో అడిగితే పెట్టరు. పెట్టనివాళ్ల దగ్గర కొనకండి. వరంగల్ బట్టల బజార్ సందుల్లోనో, పరకాల, జమ్మికుంటలోనో పాత జనరల్ స్టోర్లలో అడిగి చూడండి, ఒక ప్యాకెట్ విప్పి చూసుకొని తీసుకోవచ్చు.

వాడినవాటికి ఒక పాత పాలపొడి రేకు డబ్బా మూతకు సన్నటి గాటు పెట్టి అందులో వేయండి. నిండాక టేపు చుట్టి, మీద బ్లేడ్లు అని రాసి, చెత్త బండి వాళ్లకు చెప్పి చేతికి ఇవ్వండి. కవర్లో విడిగా వేస్తే చెత్త వేరుచేసేవాళ్ల వేళ్లు తెగుతాయి.