రీడింగ్‌లో 97, మ్యాథ్స్‌లో 108... మా వాడు డాక్టర్ అవుతాడా అండీ?

ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊరి నుంచి ఒక అమ్మగారు రాశారు. విజయవాడ నుంచి వచ్చి రెండున్నరేళ్ళయిందట, బాబు ఇయర్ 6, అంటే ప్రైమరీ స్కూల్లో చివరి ఏడాది, ఆ ఏడాది చివర్లో రాసే శాట్స్ పరీక్షల రిజల్ట్స్ మొన్న ఇచ్చారు. రీడింగ్ 97, మ్యాథ్స్ 108, గ్రామర్ 103, రైటింగ్‌కి టీచరే ఎక్స్‌పెక్టెడ్ అని వేశారు. రీడింగ్ పక్కన మాత్రం నాట్ అచీవ్డ్ అని ఉందట. వాణ్ణి డాక్టర్ చేద్దామనుకున్న వాళ్ళాయన రెండు రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదట. వారానికి నాలుగు రోజులు ట్యూషన్ పెట్టాలా, ఇంట్లో తెలుగు మానేయాలా, లేకపోతే ఇండియా వెళ్ళిపోవాలా అని అడుగుతున్నారు. ఇక విజయవాడలో తాతగారేమో వందకి 97 అనుకుని వీధంతా స్వీట్లు పంచేశారట, మ్యాథ్స్‌లో వందకి 108 ఎలా ఇచ్చారన్నదొక్కటే ఆయనకి అంతుపట్టలేదట 😀

అమ్మా, ముందు మీవారిని భోజనానికి కూర్చోబెట్టండి.

తాతగారిదీ మీదీ పొరపాటు ఒకటే, ఆ నంబర్‌ని మన మార్కుల లెక్కలో చూడటం. శాట్స్‌లో వచ్చిన అసలు మార్కుల్ని 80 నుంచి 120 స్కేల్‌లోకి మారుస్తారు, 100 వస్తే ఎక్స్‌పెక్టెడ్, అంటే ఆ వయసుకి ఉండాల్సిన స్థాయి, 110 గానీ ఆపైన గానీ వస్తే హయ్యర్ స్టాండర్డ్. పేపర్ కష్టంగా ఉంటే 100కి కావాల్సిన మార్కులు తగ్గిస్తారు. 2022లో రీడింగ్‌లో 50కి 29 కావాలి, 2023లో పేపర్ చూసి పిల్లలు ఏడ్చేశారని పెద్ద గొడవైంది, ఆ ఏడాది 24 వస్తే చాలు. 97 అంటే ఆ 100 గీతకి కాస్త కింద ఆగాడని, అంతే. 2025లో దేశం మొత్తమ్మీద రీడింగ్‌లో గీత దాటినవాళ్ళు 75 శాతం, అంటే నలుగురిలో ఒకరు దాటలేదు. రీడింగ్, రైటింగ్, మ్యాథ్స్ మూడూ కలిపి చూస్తే 62 శాతమే, కోవిడ్‌కి ముందు 2019లో 65 ఉండేది, 2025లో కూడా అక్కడికి చేరలేదు. ఆ గీత దాటనివాళ్ళలో చాలామంది ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన పిల్లలు, మీ వాడేమో ఇయర్ 4 మధ్యలో వచ్చి చేరాడు.

డాక్టర్ సంగతికొస్తే, ఏ మెడికల్ కాలేజీ కూడా శాట్స్ స్కోరు అడగదు. వాళ్ళు చూసేది పదహారేళ్ళకి రాసే జీసీఎస్ఈ గ్రేడ్లు, పద్దెనిమిదేళ్ళకి రాసే ఎ లెవెల్స్‌లో కెమిస్ట్రీ, బయాలజీ లాంటివి, యూక్యాట్ అనే మెడికల్ ఎంట్రన్స్ టెస్ట్, ఇంటర్వ్యూ. సెకండరీ స్కూల్ సీటుకి కూడా దీంతో పని లేదు, ఆ ఆఫర్ మార్చి మొదట్లోనే వచ్చేస్తుంది, శాట్స్ రాసేది మేలో. పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే గ్రామర్ స్కూళ్ళ ఎంట్రన్స్, 11 ప్లస్, వేరే పరీక్ష, దీన్నీ దాన్నీ కలిపేసుకుని కంగారుపడేవాళ్ళు మనవాళ్ళలో చాలామంది ఉన్నారు.

అలాగని ఈ పేపర్ పక్కన పడేయమని నేను అనను. సెకండరీలో చాలా స్కూళ్ళు రీడింగ్, మ్యాథ్స్ స్కోర్లు రెండూ కలిపి సగటు తీసి పిల్లాడికి టార్గెట్ గ్రేడ్లు వేస్తాయి. మీ వాడి సగటు 102.5. ఆ సగటులో వాడి 108 కనపడకుండా పోతుంది చూశారా, నాకు భయం అక్కడే. దాని వల్ల ఇయర్ 7లో మ్యాథ్స్ కింది సెట్‌లో (స్థాయిని బట్టి పిల్లల్ని విడగొట్టే గ్రూపుల్లో కిందిది) వేసి అక్కడే ఉంచేస్తే, తర్వాత జీసీఎస్ఈకి ఫౌండేషన్ అనే తేలిక పేపర్ రాయిస్తే, అందులో ఎంత బాగా రాసినా గ్రేడ్ 5 దాటదు, సైన్స్‌లోనూ అంతే, ఇక దాంతో మెడిసిన్ అంటే చాలా కష్టం. అందుకే సెప్టెంబర్‌లో కొత్త స్కూల్ వాళ్ళని మర్యాదగానే అడగండి, సెట్లు దేన్ని బట్టి వేస్తారు, మళ్ళీ ఎప్పుడు మారుస్తారు అని. అడగడానికి మొహమాటపడే పేరెంట్స్ పిల్లలు ఊరికే నష్టపోవడం నేను చాలాసార్లు చూశాను.

రీడింగ్‌లో అసలు ఎక్కడ పోయిందో కూడా చూడాలి కదా. గంటలో మూడు పాసేజ్‌లు చదివి రాయాలి. ఫలానా అర్థం వచ్చే ఒక మాట వెతికి రాయి అనే టైపు ప్రశ్నలుంటాయి, మనింట్లో పెరిగిన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే అని నా అనుభవం. రిలక్టెంట్ అనే మాట ఉందనుకోండి, సోమవారం పొద్దున్న స్కూల్‌కి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళడం అంటే ఏంటో వాడికి బాగా తెలుసు, ఆ భావానికి ఇంగ్లీష్‌లో ఈ మాట వాడతారని తెలియదు, అంతే తేడా. భావం వాడికి తెలుగులోనే వచ్చింది. మరి తెలుగు మానేయమని మీకు ఎవరు చెప్పారో గానీ దయచేసి ఆ పని చేయకండి, కొత్త మాట తగిలినప్పుడల్లా తెలుగులో చెప్పి నవ్వించండి, బాగా గుర్తుండిపోతుంది.

నాలుగు రోజుల ట్యూషన్ వద్దు. లైబ్రరీ కార్డ్ ఫ్రీయే, ఈ సమ్మర్‌లో వాడికి నచ్చినవి, క్రికెట్ అయినా డైనోసార్లయినా, రోజూ ఇరవై నిమిషాలు పైకి చదివించండి. మీవారు పక్కన కూర్చుని వింటే ఇంకా మంచిది, కాకపోతే ప్రతి తప్పుకీ ఆపొద్దని చెప్పండి ఆయనకి. ఇండియా వెళ్ళాలంటే వేరే కారణాలతో వెళ్ళండి, మూడు పాయింట్ల కోసం ఇల్లు సర్దుకునేవాళ్ళుంటారా ఎవరైనా?

ఒక్క పని మాత్రం వెంటనే చేయాలి. దిద్దిన పేపర్లు స్కూల్ వాళ్ళకి ఆన్‌లైన్‌లో కనపడతాయి. ఏ రకం ప్రశ్నల్లో పోయాయి, మాటల అర్థాల్లోనా, పాసేజ్‌లో చెప్పకుండా వదిలేసింది ఊహించడంలోనా, లేక టైమ్ చాలక మూడో పాసేజ్ అసలు ముట్టుకోలేదా అని క్లాస్ టీచర్‌కి ఈరోజే మెయిల్ పెట్టండి, జులైలో టర్మ్ అయిపోయిందంటే ఇక ఆవిడ మీకు దొరకరు.