పాట నీది, కింద పేరు ఇంకొకరిది: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

రాత్రి పదకొండున్నరకు నువ్వు పంపిన లింకు తెల్లవారుజామున చూశాను. మూడుసార్లు విన్నాను. అనుమానం లేదు, అది నీ పాటే. నిరుడు బతుకమ్మకు ముందు నువ్వు రాసి, వరస కట్టి, చెల్లెలి చేత పాడించిన పాట. గొంతు మారింది, డప్పు పక్కన కీబోర్డు చేరింది, మొదటి చరణం తీసేసి రెండోదాన్ని ముందుకు తెచ్చారు. కింద రచన, సంగీతం అని ఇంకెవరి పేరో ఉంది. అది చాలదన్నట్టు ఆ యూట్యూబ్ ఛానెల్ వాళ్లు నీ వీడియో మీదే తమకు హక్కుందని క్లెయిమ్ వేశారట. సాయంత్రం లైవ్‌లో కూర్చుని వాళ్ల సంగతి లోకానికి చెబుతానని రాశావు.

ఆ లైవ్ కొన్నాళ్లు ఆపు నాయనా. నోరు మూసుకోమని చెప్పడం లేదు. నువ్వు నోరు తెరిచిన అరగంటలో వాళ్లు ఆ పేజీలో పేరు మార్చేయవచ్చు, వీడియోనే తీసేయవచ్చు. అప్పుడు నీ మాట తప్ప నీ చేతిలో ఏమీ మిగలదు. నాకు అలాగే జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

క్యాసెట్ల కాలంలో పిల్లల బృందగానం కోసం నేనొక జోలపాట కట్టాను. రెండేళ్ల తరువాత ఒక పెళ్లిపందిట్లో మైకులో అదే పాట వచ్చింది. మా అమ్మ మురిసిపోయి పక్కనున్నవాళ్లతో "ఇది మా అమ్మాయి కట్టిన పాట" అంది. అక్కడున్న ఒకాయన క్యాసెట్ అట్ట తెచ్చి చూపించాడు. అట్ట మీద వేరే పేరు. అమ్మ ముఖం ఎలా మారిపోయిందో ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. మర్నాడే ఆ క్యాసెట్ వేసినవాళ్ల దగ్గరికి వెళ్లి పదిమంది ముందు అరిచాను. వాళ్లలో ఒకాయన అంతా విని, నెమ్మదిగా ఒక్క మాట అడిగాడు: "ఆధారం ఉందా అమ్మా?" స్వరం రాసుకున్న పుస్తకం ఇల్లు మారినప్పుడు పాత కాగితాలతో పాటు తూకానికి పోయింది. పాట నా నోట్లో ఉంది, అంతే. తిరిగి వచ్చేశాను. ఆ పాటను మళ్లీ ఎక్కడా పాడలేదు.

నీ పరిస్థితి నాకంటే చాలా నయం. ముందు వాళ్ల పేజీని పట్టుకో. లింకు, ఛానెల్ పేరు, వీడియో పెట్టిన తేదీ, కింది వివరణ మొత్తం, ఎంతమంది చూశారన్న లెక్క, అన్నీ తేదీ, సమయం కనబడేలా స్క్రీన్ మీద రికార్డు చేసుకో. వీడియో కూడా దాచుకో. మీ నాన్నను పక్కన కూర్చోబెట్టి ఆయన ఫోనులో కూడా తెరిపించి చూపించు, రేపు అవసరమైతే తన కళ్లతో చూశానని చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. వ్యవహారం కోర్టు దాకా వెళితే ఇలాంటి ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఒక ధ్రువపత్రం జతచేయాలి. దాని సంగతి వకీలు చూసుకుంటాడు, నువ్వు మాత్రం రికార్డు చేసిన ఫైళ్లను కత్తిరించకుండా ఉన్నవి ఉన్నట్టు ఉంచు.

తరువాత నీ పాట పుట్టుక. పాట పూర్తయ్యాక విడుదల చేసిన వీడియో కన్నా, పాట తయారవుతున్నప్పటి చిత్తుప్రతులకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. పూర్తయిన పాటను ఎవరైనా ఎత్తుకోగలరు. కొట్టివేతలు ఎవరి దగ్గర ఉంటాయి, రాసినవాడి దగ్గర తప్ప? నోటుబుక్కులో నువ్వు "గునుగు" అని రాసి కొట్టేసి "తంగేడు" అని మార్చిన పుట, కంప్యూటర్లో ట్రాకులు విడివిడిగా ఉన్న అసలు ఫైలు, స్టూడియోకు డబ్బు కట్టిన రసీదు, ఫోనులో కూనిరాగంగా పాడుకున్న మొదటి ముక్క. అసలు ఫైళ్లను తెరిచి మళ్లీ సేవ్ చేయకు, తేదీలు మారిపోతాయి. నకలు తీసి నకలు మీదే పని చెయ్యి. వాట్సాప్‌లో నువ్వు నాకు పంపిన గొంతు ముక్క నా దగ్గర భద్రంగా ఉంది, రెండో చరణం మధ్యలో శ్రుతి తప్పి నవ్వేసిన చోటుతో సహా. ఆ నవ్వు వాళ్ల దగ్గర ఉండదు. మా రోజుల్లో తేదీకి రుజువుగా ఉంటుందని పాట రాసిన కాగితాన్ని మన చిరునామాకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకొని, కవరు విప్పకుండా దాచుకునేవాళ్లం. దాని మీద ఎక్కువ భరోసా పెట్టుకోవద్దు.

ఇక్కడ ఒక కష్టమైన పని చెబుతాను, తప్పించుకోకుండా చెయ్యి. ఆ పాటలో నీది కానిదేమిటో ముందు రాసుకో. "ఉయ్యాలో" నీది కాదు. చప్పట్ల నడక నీది కాదు. పువ్వుల పేర్లు, గౌరమ్మను పిలిచే తీరు, ఏ రాగమైనా సరే ఆ రాగం, ఇవన్నీ ఊరుమ్మడి సొత్తు. నీది నువ్వు అల్లిన మాటల వరుస, నువ్వు తిప్పిన బాణీ మలుపు. రెండు పాటల స్వరాలూ పక్కపక్కన రాసి ఎక్కడెక్కడ ఒకటయ్యాయో గీత గీయి. నేను విన్నంతవరకు పల్లవి ఎత్తుగడ పాత వరసకు దగ్గరగానే ఉంది, దాని మీద పట్టుబట్టకు. చరణం మూడో పాదంలో పైకి వెళ్లి హఠాత్తుగా కిందికి దిగే ఆ మలుపు మాత్రం నేను ఇంకెక్కడా వినలేదు. వాళ్లు దాన్ని మాటలతో సహా తీసుకున్నారు. నీ బలమంతా అక్కడ ఉంది.

ఎందుకింత పట్టింపు అంటే, ఒకసారి నేనే తప్పు చేశాను. ఒక బడి వార్షికోత్సవంలో నా కోలాటం పాట లాంటిది విని, ఆ టీచరుకు చాలా కటువుగా ఉత్తరం రాశాను. ఆమె జవాబుగా తన అమ్మమ్మ పాడే పాటను నాలుగు పుటల్లో రాసి పంపింది. ఇద్దరం తోడుకున్నది ఒకే పాత వరస నుంచి. బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లి క్షమాపణ అడిగి వచ్చాను.

చట్టం విషయానికి వస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాసి, కట్టి, రికార్డు చేసినప్పుడే అది నీది. సాహిత్యం ఒక హక్కు, బాణీ ఒక హక్కు, రికార్డింగ్ మరొకటి. నీ పాటకు ఖర్చు పెట్టింది నువ్వే, ఎవరికీ రాసివ్వలేదు కాబట్టి మూడూ నీవే. స్టూడియోలో గానీ, పాటను యాప్‌లకు పంపే సంస్థతో గానీ ఏదైనా కాగితం మీద సంతకం చేశావేమో మాత్రం వెతికి చూడు. వాళ్లు "మేము మళ్లీ పాడించుకున్నాం, నీ రికార్డింగ్ వాడలేదు" అనవచ్చు. అది చెల్లదు. పాటను మొదట రికార్డు చేసిన సంవత్సరం ముగిశాక మరో 5 సంవత్సరాలు గడిస్తే తప్ప, నీ అనుమతి లేకుండా చట్టం చూపిన దారిలో కొత్త రికార్డింగ్ చేసుకునే వీలు లేదు. ఆ తరువాతైనా ముందుగా నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టాలి. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది 57వ సెక్షన్. పాట మీద హక్కులన్నీ అమ్ముకున్నా "ఇది రాసింది నేను" అని చెప్పుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటుందని అది చెబుతుంది. ఆ సెక్షన్ సంగతి ఆనాడు నాకు తెలియదు.

మన వాగ్గేయకారులకు ఈ బాధ ముందే తెలుసు కాబోలు. త్యాగయ్య చివరి చరణంలో తన పేరు, క్షేత్రయ్య తన మువ్వగోపాలుడి పేరు పెట్టారు. కాగితం పోయినా గొంతులు మారినా ముద్ర పాటతో పాటే ప్రయాణం చేసింది. ఇకమీద నువ్వు కూడా నీ పేరు పాటలోనైనా, వీడియో మొదట్లో చెల్లెలి నోటనైనా వినబడేలా చెయ్యి.

ఇప్పుడు వాళ్లకు ఉత్తరం. అంతకన్నా ముందు, నీకేం కావాలో తేల్చుకో. పేరా, డబ్బా, ఆ వీడియో తీసేయడమా? పాడినవాళ్లు ముచ్చటపడి పాడిన పిల్లలైతే పేరు చాలు, వాళ్ల పాటను మూయించవద్దని చెప్పేదాన్ని. ఇది ప్రతి పండక్కీ పాటలు అమ్ముకునే ఛానెల్. పైగా నీ వీడియో మీదే క్లెయిమ్ వేసింది. కాబట్టి మూడూ అడుగు, కానీ పేరును ముందు పెట్టు. ఇలా రాయి: "మీరు ఫలానా తేదీన పెట్టిన పాట సాహిత్యం, బాణీ నావి. నా పాట విడుదలైన తేదీ ఇది, లింకు ఇది. రెండిటిలో ఒకటిగా ఉన్న చోట్లు జతచేశాను. మూడు రోజుల్లోగా రచన, సంగీతం దగ్గర నా పేరు వేసి, నా వీడియో మీద క్లెయిమ్ వెనక్కు తీసుకోండి. వచ్చిన ఆదాయంలో నా వాటా గురించి మాట్లాడుకుందాం. లేదంటే వీడియో తీసివేయండి." ఇంతే. "దొంగలు" అన్న మాట వద్దు. నిజంగా వేసే ఉద్దేశం లేకుండా కేసు వేస్తానని బెదిరించవద్దు. ఆధారం లేని బెదిరింపు మీద అవతలివాళ్లే కోర్టుకు వెళ్లే వీలు 60వ సెక్షన్‌లో ఉంది.

అయితే నీ వీడియో మీద పడిన క్లెయిమ్ ఆ మూడు రోజుల కోసం ఆగదు. అభ్యంతరం ఈ రోజే పెట్టు. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు అభ్యంతరం చెబితే, మొదటి రోజు నుంచి వచ్చే ఆదాయాన్ని యూట్యూబ్ ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతుంది. ఆలస్యమైతే నువ్వు చెప్పిన రోజు నుంచే. అవతలివాళ్లకు జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఆ రోజు నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులే ఈ పాటలకు సంత. ఆ తొమ్మిది రోజుల డబ్బు వాళ్ల చేతికి పోకూడదు.

మూడు రోజులకూ జవాబు రాకపోతే వాళ్ల వీడియో తొలగించమని యూట్యూబ్‌కు ఫిర్యాదు చెయ్యి. అందులో రాసే ప్రతి మాటా ప్రమాణం చేసి రాసినట్టే. ఫిర్యాదు చేసింది ఎవరో అవతలివాళ్లకు తెలుస్తుంది, భయపడకు. వాళ్లు ఎదురు నోటీసు ఇస్తే, నువ్వు కోర్టుకు వెళ్లినట్టు 10 పనిదినాల్లో చూపించాలి, లేకపోతే వీడియో తిరిగి వచ్చేస్తుంది. మన చట్టంలో కూడా ఒక దారి ఉంది. 2013 కాపీరైట్ నియమాల ప్రకారం రాతపూర్వకంగా సరైన ఫిర్యాదు అందితే ఆ వేదిక 36 గంటల్లో పాటను అందుబాటులో లేకుండా చేయాలి. ఈ లోపు కోర్టు ఉత్తర్వు తేకపోతే 21 రోజుల తరువాత తిరిగి పెట్టవచ్చు. లెక్క చూశావా? వాళ్ల పాట కనబడని ఆ 21 రోజుల్లో పండుగ అయిపోతుంది.

కోర్టు గురించి ఇప్పుడే నిద్ర పాడుచేసుకోకు. అవసరమైతే నువ్వు ఉంటున్న జిల్లా కోర్టులోనే వేయవచ్చు, వాళ్ల ఊరికి తిరగనక్కర్లేదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు శిక్ష ఉన్న మాట నిజమే. కానీ మొదటి రోజే పోలీసు స్టేషన్ మెట్లెక్కమని నేను చెప్పను. ముందు ఒక వకీలు చేత నోటీసు పంపిద్దాం, ఆ ఖర్చు నాది. రిజిస్ట్రేషన్ కూడా ఈ వారంలోనే పెట్టు. పాట బాణీకి రుసుము 500 రూపాయలే, సాహిత్యానికీ అంతే. రిజిస్టరులో నమోదైన వివరాన్ని కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది.

ఇవన్నీ చేశాక లైవ్ పెట్టుకో. అప్పుడు అడ్డుచెప్పను, కావాలంటే పక్కన కూర్చుంటాను. రెండు ముక్కలూ వినిపించు, తేదీలు చెప్పు, నువ్వు నవ్వేసిన ఆ గొంతు ముక్క కూడా వినిపించు. వాళ్ల ఇంటివాళ్ల గురించి, వాళ్ల ఊరి గురించి ఒక్క మాట రాకూడదు. ఆ పాట పాడిన అమ్మాయిని ఏమీ అనవద్దు, ఆమెకు ఏం చెప్పి పాడించారో మనకు తెలియదు. నీ స్నేహితులు వెళ్లి వాళ్ల పేజీలో తిట్లు రాయకుండా నువ్వే ఆపాలి.

రేపు పొద్దున్నే నోటుబుక్కు, కంప్యూటర్ తీసుకుని ఇక్కడికి వచ్చేయి. చెల్లెలిని కూడా తీసుకురా. హార్మోనియం బయటికి తీసి పెట్టాను. స్వరాలు రాయడానికి కూర్చుంటే ఆ మూడో పాదం దగ్గర కిందికి దిగే చోటు నాకు సరిగ్గా అందడం లేదు. అది నువ్వే పాడి చూపించాలి.

మీ అత్తయ్య